మేడలు దూకే అబ్బాయికి ఏ దారి?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. సినిమాల్లో పార్కూర్ (గోడలు, మేడలు ఎక్కుతూ దూకుతూ పరుగెత్తే విద్య) ఫైట్లు చూసి మా మేడ పిట్టగోడ మీద నుంచి పక్క మేడ మీదకి దూకుతున్నాడు. స్టంట్‌మ్యాన్ అవుతానంటున్నాడు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. - ఒక తల్లి, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: అమ్మా, మేడలు దూకడం ఈరోజే మాన్పించండి. స్టంట్స్ మీద ఇష్టాన్ని మాత్రం చంపకండి.

తెర మీద చూసేదంతా అబద్ధం కాదు. 2006 నాటి జేమ్స్ బాండ్ సినిమా ‘కేసినో రాయల్’లో క్రేన్ల మీద పరుగెత్తిన సెబాస్టియన్ ఫూకాన్ పార్కూర్ లాంటిదే అయిన ఫ్రీ రన్నింగ్ ఆద్యుల్లో ఒకరు. ఆ చురుకుదనం అసలైనదే. కానీ సినిమాల్లో చాలాసార్లు దూకేది ఒక షాట్, దిగేది ఇంకో షాట్. ఒంటికి రోప్ ఉంటుంది, కింద పరుపులుంటాయి. రోప్‌ని తర్వాత గ్రాఫిక్స్‌లో చెరిపేస్తారు. ఇన్ని జాగ్రత్తల మధ్య కూడా 2017లో లండన్‌లో భవనం మీద నుంచి భవనం మీదకి దూకుతూ హాలీవుడ్ హీరో టామ్ క్రూజ్ చీలమండ విరిగింది. షూటింగ్ వారాల తరబడి ఆగిపోయింది.

పదడుగుల ఎత్తు నుంచి దూకితే నేల తాకే వేగం గంటకు దాదాపు 28 కిలోమీటర్లు. ఆ దెబ్బ మోకాళ్ల మీదే పడకుండా, పాదం ముందు భాగం ఆనించి, మోకాళ్లు వంచి, ఒక భుజం నుంచి అవతలి తుంటి వైపు ఏటవాలుగా దొర్లాలి. వెన్నెముక నేలకి కొట్టుకోకూడదు. తెర మీద రెప్పపాటులో అయిపోయే ఈ దొర్లుడు ఒంటికి పట్టడానికి నెలలు పడుతుంది. మంచి జిమ్నాస్టిక్స్ కోచ్ దగ్గర, మ్యాట్ మీద, నేల మట్టం నుంచే మొదలుపెట్టించండి. తెల్లవారుజామున ఆర్కే బీచ్ ఇసుకలో పరుగు కూడా మంచిదే.

చదువు ఆపొద్దు. రోప్ ఏ కోణంలో లాగితే ఎంత బరువు పడుతుందో లెక్కగట్టే రిగ్గింగ్ పనికి అతని ఫిజిక్సే ఆధారం. ఇంటర్ తర్వాత డిగ్రీ, ఆపైన బీపీఈడీ (వ్యాయామ విద్య కోర్సు) చేయొచ్చు. ఆంధ్రా యూనివర్సిటీలోనే ఫిజికల్ ఎడ్యుకేషన్ విభాగం ఉంది. గాయమై ఫైట్లు మానుకోవాల్సి వచ్చినా పీఈటీగానో కోచ్‌గానో బతుకుతాడు. పార్కూర్‌కి ఇప్పుడు పోటీలూ ఉన్నాయి. తొలి ప్రపంచ ఛాంపియన్‌షిప్ 2022లో టోక్యోలో జరిగింది.

సినిమాలే కావాలంటే హైదరాబాద్‌లోని ఫైటర్ల యూనియన్‌కి మీరే స్వయంగా వెళ్లి సభ్యత్వ కార్డు నిబంధనలు కనుక్కోండి. ఛాన్స్ ఇప్పిస్తామనే బ్రోకర్లకు రూపాయి కూడా ఇవ్వకండి. మొదటి షూటింగ్‌కి పంపేముందు ఇన్సూరెన్స్ ఎవరు కడతారో, సెట్‌లో అంబులెన్స్ ఉంటుందో లేదో అడిగి తెలుసుకోండి.