మూత తీసేముందు

చిరంజీవి మేనల్లుడికి రాయగడ నుండి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

కొత్త కారుకు సెరామిక్ కోటింగ్, అదే రంగు మీద గట్టిపడి దాన్ని కాపాడే పూత, ఇంట్లోనే నీ చేతులతో వేసుకుంటావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. బండి మీద నీకున్న మమకారానికి ఎంతో సంతోషించాను గాని, దుమ్ము పడకుండా షెడ్డు షట్టరు దించుకుని ఒక్కడివే చేస్తావని విన్నప్పటినుండి నాకు మనసు మనసులో లేదు.

ముందుగా మజ్జిగౌరమ్మ గుడి దగ్గర బండి పూజ కానివ్వు. కోటింగ్ వేశాక వారం రోజులు బండిని కడగకూడదు కనుక, బానెట్ మీది పసుపు కుంకుమలు అంతకుముందే శుభ్రమైపోవాలి. షాంపూతో కడగడం, అంటుకున్న మురికిని లాగేసే క్లే బార్ ముద్దతో రుద్దడం, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవడం నీకు తెలిసినవే. కొత్త బండికి పాలిష్ ఎందుకని మాత్రం అనుకోకు. ఇప్పుడున్న సన్నని గీతలు కోటింగ్ కింద అలాగే ఉండిపోతాయి.

ఆరేళ్ల క్రితం, శ్రావణమాసంలో ఒక సాయంత్రం, నేను కూడా నీలాగే షట్టరు దించి మా జీపుకు కోటింగ్ మొదలుపెట్టాను. కొంచెం కొంచెంగా చేస్తే పొద్దుపోతుందని బానెట్ మొత్తానికి ఒకేసారి పూసేశాను. అంతలో ఆ పూతలోని ద్రావకం ఆవిరికి తల తిరిగి, గోడ పట్టుకుని ఎలాగో బయటపడి అరుగు మీద కూలబడ్డాను. మీ అత్తయ్య మజ్జిగ ఇచ్చి, విసనకర్రతో విసిరి, నేను తేరుకునేసరికి అరగంట గడిచింది. లోపలికి వెళ్లి చూస్తే బానెట్ నిండా నూనె మరకల్లాంటి చారలు గట్టిపడి ఉన్నాయి. గుడ్డ పెడితే జరగడం లేదు. మర్నాడు కోపంతో పాలిషింగ్ మెషీన్ పెట్టి అదిమేసరికి, అంచు దగ్గర రంగు లేచిపోయి కింద ఉండే బూడిదరంగు ప్రైమర్ పూత బయటపడింది. దసరా సెలవులకు వచ్చినప్పుడు నువ్వు వేలు పెట్టి అడిగిన మచ్చ అదే. రాయి తగిలిందని నీకు అబద్ధం చెప్పాను నాయనా.

అందుచేత షట్టరు పూర్తిగా ఎత్తి ఉంచు. దుమ్ము భయమైతే ముందురోజే నేల కడిగి ఆరనివ్వు. గుడ్డ మాస్కు ఆవిరిని ఆపదు. కార్బన్ ఫిల్టరు ఉన్న మాస్కు, నైట్రైల్ గ్లవుజులు తప్పనిసరి. దగ్గరలో దీపం గాని పొయ్యి గాని వెలగకూడదు. నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడు, ఒక విడతకు రెండడుగుల చదరం మేరకే, నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి పూయి. ఇంద్రధనుస్సులా రంగులు తేలుతాయి. సీసా మీద వ్రాసిన సమయం చూసుకుని ఒక మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి, వెంటనే మరో శుభ్రమైన గుడ్డతో తుడువు. టార్చి ఏటవాలుగా పట్టి చూడనిదే పక్క భాగానికి పోవద్దు. వాడిన గుడ్డల్లో పూతలోని సిలికా గట్టిపడి గీతలు పెడుతుంది; పొదుపనుకుని వాటిని ఉతికి దాచకు.

ఘాట్ రోడ్డులో లారీల టైర్ల నుండి ఎగిరే రాళ్లను ఈ పూత ఆపలేదు. లారీకి దూరంగానే నడుపు. కార్తీకమాసం కనుక గాలి పొడిగా ఉంది, మంచిదే. రాత్రి మంచు మాత్రం పడుతోంది, మొదటి 24 గంటలు బండిని బయట పెట్టకు.

ఆదివారం తెల్లవారుజామున బయలుదేరి వస్తున్నాను. టార్చి నేను పట్టుకుంటాను, పూత నువ్వే వేయి. నేను వచ్చేవరకు సీసా మూత తీయకు.

మామయ్య