టెక్ సందేహాలు: రెండో ఫ్లాష్ కొనే ముందు స్టాండు జరపండి

సందేహం: పోర్ట్రెయిట్ల కోసం ఒక ఫ్లాష్, రేడియో ట్రిగ్గర్, తెల్ల గొడుగు, స్టాండు కొన్నాను. ముఖం ఫర్వాలేదు గానీ వెనక గోడ ఒకసారి నల్లగా, ఇంకోసారి బాగా వెలుతురుగా వస్తోంది. గోడ కోసం రెండో ఫ్లాష్ కొనాలా?

జవాబు: ఇప్పుడే వద్దు. ముందు ఫ్లాష్ టీటీఎల్‌లో ఉందేమో చూడండి. అందులో కెమెరా ప్రతి ఫొటోకీ వెలుతురును కొత్తగా లెక్కగట్టి పవర్ మార్చేస్తుంది. ఎదుటి మనిషి నల్ల చొక్కా వేసుకున్నా చాలు, లెక్క మారిపోతుంది. నేర్చుకునేటప్పుడు మాన్యువల్ మోడే మేలు. పవర్ 1/16 (పూర్తి బలంలో పదహారో వంతు) దగ్గర పెట్టి మొదలుపెట్టండి.

తర్వాత కెమెరాను కూడా మాన్యువల్‌లో ఉంచి షట్టర్ 1/200, అపెర్చర్ ఎఫ్/5.6, ఐఎస్ఓ 100 పెట్టి, ఫ్లాష్ ఆపేసి ఒక ఫొటో తీయండి. గదిలో తీస్తే దాదాపు నల్లగా రావాలి. వచ్చిందంటే ఇక ఫొటోలో కనిపించే వెలుతురంతా మీ ఫ్లాష్‌దే. గదిలో బల్బు వెలుగు కూడా కాస్త కావాలనిపిస్తే షట్టర్‌ను 1/60కి తగ్గించండి. ముఖం మీద పడే ఫ్లాష్ వెలుతురు మారదు, చుట్టుపక్కల మాత్రం వెలుగు పెరుగుతుంది. పసుపు బల్బైతే ఫ్లాష్‌కి నారింజ రంగు జెల్ (పల్చటి రంగు ప్లాస్టిక్ షీటు) తగిలించి, కెమెరాలో రంగులు సరిచేసే వైట్ బ్యాలెన్స్‌ను టంగ్‌స్టన్‌కి, అంటే పసుపు బల్బు సెట్టింగ్‌కి మార్చాలి. లేకపోతే ముఖం ఒక రంగు, గది ఒక రంగు.

ఇక గోడ సంగతి. దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది. గొడుగు ముఖానికి మీటరు దూరంలో, గోడ ముఖానికి రెండు మీటర్లు వెనక ఉందనుకోండి. గోడకు ఫ్లాష్ మూడు మీటర్ల దూరం, కాబట్టి ముఖం మీది వెలుతురులో తొమ్మిదో వంతే దానికి దక్కుతుంది. నల్లగా రాక ఏమవుతుంది? అదే గొడుగును రెండు మీటర్లకు జరిపితే గోడకు నాలుగో వంతు అందుతుంది. ముఖం మీద తగ్గిన వెలుతురు కోసం పవర్‌ను 1/16 నుంచి 1/4కి పెంచితే సరి. అంటే మీ గోడ రంగు మారడానికి ఒక కారణం టీటీఎల్ అయితే, రెండోది స్టాండు ప్రతిసారీ ఒకేచోట లేకపోవడం.

అయితే గొడుగు దూరం జరిగేకొద్దీ ముఖానికి చిన్నదైపోతుంది, నీడల అంచులు గట్టిపడతాయి. మెత్తటి వెలుతురూ కావాలి, గోడా కనిపించాలంటే గొడుగు దగ్గరే ఉంచి మనిషిని గోడకు మీటరు దూరంలోకి జరపండి. లెక్క మళ్లీ నాలుగో వంతే. నీడ గోడ మీద పడకుండా స్టాండును పక్కకు, కాస్త ఎత్తుకు పెట్టండి.

దూరం కుదిరాక కోణం. కెమెరా పక్కన మొదలుపెట్టి స్టాండును కొద్దికొద్దిగా పక్కకు జరుపుతూ, ముక్కు నీడనే చూస్తూ తీయండి. ఒకచోట ఆ నీడ చెంప నీడతో కలిసి, కంటి కింద చిన్న వెలుగు త్రికోణం మిగులుతుంది. 17వ శతాబ్దపు డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ పేరుతో పిలిచే లైటింగ్ ఇదే. అవతలి చెంప మరీ చీకటైతే అటువైపు తెల్ల థర్మాకోల్ షీటు పట్టుకోమనండి. నాలుగైదు లైట్ల సెటప్‌లు వీడియోల్లో చూడ్డానికి బాగుంటాయి గానీ, ఒక లైటు ఏం చేస్తుందో తెలియకుండా రెండోది పెడితే తప్పు ఎక్కడుందో పట్టుకోలేం.

సందేహం: ఆరుబయట షట్టర్ 1/500 పెట్టి ఫ్లాష్ వాడితే ఫొటోలో ఒక అంచున నల్ల పట్టీ వస్తోంది. ఫ్లాష్ పాడైందా?

జవాబు: పాడవలేదు. షట్టర్‌లోని రెండు తెరలూ పూర్తిగా తెరుచుకునే గరిష్ఠ వేగం చాలా కెమెరాల్లో 1/200 లేదా 1/250. అది దాటితే ఫ్లాష్ వెలిగేసరికి సెన్సర్‌లో కొంత భాగం తెర చాటున ఉంటుంది. హైస్పీడ్ సింక్ (తెరలు కదిలినంతసేపూ ఫ్లాష్ వెంటవెంటనే వెలిగే మోడ్) ఆన్ చేస్తే పట్టీ పోతుంది, కానీ ఫ్లాష్ బలం బాగా తగ్గుతుంది. వెనక బ్లర్ కోసం అపెర్చర్ బాగా తెరిచి, వెలుతురు ఎక్కువై ఆ షట్టర్ పెడుతుంటే, లెన్సుకు వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ వేసి 1/200లోనే ఉండండి.

సందేహం: ఇదే ఫ్లాష్‌ను ఫోన్‌తో వాడొచ్చా?

జవాబు: మామూలుగా కుదరదు. ఫోన్లకు ట్రిగ్గర్ తగిలించే హాట్ షూ ఉండదు. పైగా వాటి సెన్సర్ బొమ్మను వరుసలు వరుసలుగా నమోదు చేస్తుంది కాబట్టి, క్షణంలో వెలిగి ఆరే ఫ్లాష్ కొన్ని వరుసల్లోనే పడొచ్చు. ఫోన్‌కి ఎప్పుడూ వెలిగే ఎల్ఈడీ లైటు తీసుకోండి. గొడుగు, స్టాండు అవే పనికొస్తాయి.