ఎన్నారై సందేహాలు: సూపర్‌చార్జర్ బండికి ఏ బ్లాకు తీసుకోవాలి?

ప్రశ్న: మాది కర్నూలు. నాయనకు లేత్ షెడ్డు ఉంది, ట్రాక్టర్లు, బోర్‌లారీల ఇంజన్లకు బోరింగ్ పనులు చేస్తాడు. నేను డాలస్‌లో ఉద్యోగంలో ఉన్నాను. 2012 కమారో ఎస్ఎస్ కొన్నాను, మాన్యువల్, ఎల్ఎస్3 ఇంజన్. సూపర్‌చార్జర్ (ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపే యంత్రం) పెట్టి మెల్లగా 800 హార్స్‌పవర్ దాకా పోవాలని ఉంది. ఫ్రెండ్స్ అల్యూమినియం బ్లాకే (సిలిండర్లు ఉండే ఇంజన్ ముఖ్య పోత) ఉంచమంటున్నారు. నాయనేమో ఫోన్‌లో ఇనుపదే గట్టిదంటాడు. ఎవరి మాట వినాలి? ఎప్పుడైనా ఇండియాకు వచ్చేస్తే ఈ ఇంజన్ వెంట తెచ్చుకోవచ్చా?

జవాబు: తమ్ముడూ, మీ నాయన మాటే విను. కాకపోతే ఆయన చెప్పే కారణం ఒక్కటే చాలదు. ఇనుపదైతే గట్టిది, అల్యూమినియమైతే మెత్తనిది అని కంపెనీలే అనుకోలేదు. 2015లో డాడ్జ్ హెల్‌క్యాట్ 707 హార్స్‌పవర్‌తో వచ్చింది ఇనుప బ్లాకు మీదే. 2020లో ఫోర్డ్ షెల్బీ జీటీ500 అల్యూమినియం బ్లాకు మీద 760 ఇచ్చింది. నీ ఇంజన్‌కు దగ్గరి చుట్టమైన ఎల్ఎస్9 కూడా అల్యూమినియమే, 2009 కార్వెట్ జెడ్ఆర్1లో 638. లోహం పేరు చూసి బ్లాకు కొనేవాళ్లు డబ్బు పారేసుకుంటారు. ముందు మూడు సంగతులు తేల్చుకో: ఎంత పవర్ కావాలి, ఏ పెట్రోలు పోస్తావు, ఏ బ్లోయర్ (సూపర్‌చార్జర్‌కే ఇంకో పేరు). బ్లాకు నాలుగోది.

పవర్ లెక్కలో కొత్తవాళ్లు మరిచిపోయేది ఒకటుంది. టర్బో పొగ మీద తిరుగుతుంది. సూపర్‌చార్జర్ క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) మీద బెల్టుతో తిరుగుతుంది, అంటే నీ ఇంజనే దాన్ని మోయాలి. ఈ స్థాయిలో బ్లోయర్‌కు 100 హార్స్‌పవర్ దాకా పోవచ్చు. ఫ్లైవీల్ దగ్గర 800 కావాలంటే సిలిండర్లలో 900 పుట్టాలి. బ్లాకు మోసేది ఆ 900ని. 4 అంగుళాల బోరు (సిలిండర్ రంధ్రం) వైశాల్యం 12.57 చదరపు అంగుళాలు. లోపల ఒత్తిడి 1,500 పీఎస్ఐకి (చదరపు అంగుళానికి పౌండ్లు) చేరిందనుకో, హెడ్డును (సిలిండర్ల పై మూతను) పైకి, క్రాంకును కిందికి తోసే బలం ఎనిమిదిన్నర టన్నులు. నాకింగ్ (పెట్రోలు అదుపు తప్పి పేలడం) వస్తే ఇంకా పైకి పోతుంది. అదీ సిలిండరుకు నాలుగేసి పెద్ద బోల్టులు పట్టుకున్న హెడ్డు మీద.

మొదటి మెట్టుకు నువ్వు బ్లాకు మార్చనే అక్కర్లేదు. నీ ఎల్ఎస్3 కంపెనీ లెక్క 426 హార్స్‌పవర్, కంప్రెషన్ (సిలిండర్‌లో మిశ్రమం నలిగే నిష్పత్తి) 10.7:1, పోత పిస్టన్లు. 7 పీఎస్ఐ బూస్టు (బ్లోయర్ అదనంగా ఒత్తే గాలి) పెడితే గాలి లెక్క, మామూలు గాలి ఒత్తిడి 14.7కు 7 కలిపి 14.7తో భాగిస్తే 1.48 రెట్లు. వేడికి, బెల్టుకు పోయింది పోగా 550 నుంచి 600 మధ్య వస్తుంది. ఇక్కడ ముందు పోయేది బ్లాకు కాదు, పిస్టన్. కంపెనీ పెట్టిన రింగు గ్యాపు (పిస్టన్ రింగు రెండు కొసల మధ్య ఖాళీ) బూస్టు లేని వేడికి సరిపోయేంతే. బూస్టు వేడికి రింగు సాగి రెండు కొసలూ కలిసి, పిస్టన్ పైగట్టును విరిచేస్తుంది. ఈ మెట్టులో ఖర్చు పెట్టాల్సింది ఇంటర్‌కూలర్ (ఒత్తిన గాలిని చల్లబరిచేది), ఇంజెక్టర్లు, పెట్రోలు పంపు, మంచి ట్యూనింగ్ మీద.

పెట్రోలు నంబర్ల దగ్గర మోసపోవద్దు. మన బంకుల్లో 95, 100 అని రాసేది ఆర్ఓఎన్ (నాకింగ్‌ను తట్టుకునే శక్తి కొలత) లెక్క. అమెరికాలో పంపు మీద ఉండేది ఆర్ఓఎన్, దానికన్నా కఠిన పరీక్షతో తేల్చే ఎంఓఎన్ రెండింటి సగటు. టెక్సాస్‌లో దొరికే 93 అంటే మన లెక్కలో దాదాపు 98. కాలిఫోర్నియాలో ప్రీమియం 91 మాత్రమే, అక్కడ చేసిన ట్యూన్ వేరు, ఇక్కడిది వేరు. 800కు పోవాలంటే ఈ85 (ఇథనాల్ ఎక్కువ కలిపిన పెట్రోలు) సులువు దారి. కానీ 30 శాతం దాకా ఎక్కువ ఇంధనం పోయాలి, పంపూ ఇంజెక్టర్లూ ఆ లెక్కకు కొనాలి. పైగా పంపు మీద ఈ85 అని ఉన్నా అందులో ఇథనాల్ 51 నుంచి 83 శాతం వరకు ఎంతైనా ఉండొచ్చు, కాబట్టి ఇథనాల్ సెన్సార్ తప్పనిసరి.

ఇక 800 మెట్టు. ఇక్కడే బ్లాకు మాట. ఎల్ఎస్ కుటుంబంలో ఒక బోరు నడుమ నుంచి పక్క బోరు నడుమకు 4.400 అంగుళాలు, అన్నింటికీ ఇదే. నీ ఎల్ఎస్3 బోరు 4.065. అంటే రెండు బోర్ల మధ్య మిగిలేది 0.335 అంగుళాలు, అందులోనే రెండు లైనర్లూ (బోరు లోపలి ఇనుప తొడుగులు) వాటి మధ్య అల్యూమినియమూ ఉండాలి. 6.0 లీటర్ల ఇనుప బ్లాకు బోరు 4.000, మధ్యలో 0.400 మిగులుతుంది, అంతా ఒకే పోత ఇనుము. 30 థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ) ఓవర్‌సైజు కొట్టి 4.030 చేసినా 0.370. హెడ్ గ్యాస్కెట్ (హెడ్డుకు, బ్లాకుకు మధ్య సీలు) నిలబడేది ఈ సన్న గట్టు మీదే. పెద్ద బోరు మోజులో 4.125 ఉన్న ఎల్ఎస్7 బ్లాకుకు బ్లోయర్ పెడతామనేవాళ్లున్నారు, అక్కడ మిగిలేది 0.275. బూస్టు ఉన్నప్పుడు క్యూబిక్ అంగుళాల కోసం గోడను అరగదీయడం మా దృష్టిలో తెలివితక్కువ పని. తక్కువైన లీటర్లను బ్లోయర్ భర్తీ చేస్తుంది, పోయిన గోడను ఏదీ భర్తీ చేయదు.

మీ షెడ్డు చూసి పెరిగినవాడివి కాబట్టి ఇది ముఖ్యం. చాలా ట్రాక్టర్ ఇంజన్లకు లైనరు ఊడదీసి కొత్త లైనర్, పిస్టన్ కిట్ దించేస్తారు. ఇక్కడ అది కుదరదు. ఎల్ఎస్3లో ఇనుప లైనర్లను పోతలోనే కలిపేశారు, కొట్టి ఊడదీసేవి కావు. వాటిని హోనింగ్‌లో (రాయితో రుద్ది నునుపు చేయడంలో) 5 థౌ వరకు తీయొచ్చు, అంతకు మించి పోకు. గీత పడిందంటే లోపలి లైనరును మిల్లింగ్‌తో తీసేసి కొత్త స్లీవ్ వేసే ప్రత్యేక షాపుకు పంపాలి, ఆ బిల్లుతో ఇంకో బ్లాకు వస్తుంది. ఇనుప బ్లాకుకు అసలు లైనరే లేదు, బోరు నేరుగా పోతలోనే. గీత పడితే మీ నాయన చేసే పనే, ఓవర్‌సైజు పిస్టన్ కొని బోరు కొట్టడం. 4.030 బోరు, 3.622 స్ట్రోకుతో (పిస్టన్ కదిలే దూరం) 370 క్యూబిక్ అంగుళాలు వస్తుంది. 4 అంగుళాల స్ట్రోకు క్రాంకు వేస్తే 408.

బరువు సంగతి దాచం. ఇనుప బ్లాకుతో ముందు టైర్ల మీద 40 కిలోల దాకా అదనం. మలుపుల రోడ్డు మీద, ట్రాక్ మీద తిప్పే బండికి ఇది తెలుస్తుంది. నువ్వు 700 దగ్గర ఆగేటట్టయితే నీ ఎల్ఎస్3 బ్లాకునే ఉంచి ఫోర్జ్‌డ్ (పోత కాక, కొట్టి గట్టిపరిచిన) పిస్టన్లు, రాడ్లు, స్టడ్లు (బోల్టుల బదులు వాడే మరల కడ్డీలు) వేసుకో. నేరుగా రోడ్డు మీద పరుగు, 800, ఇంకా పైకి అనే ఆశ ఉంటే ఇనుపదే.

6.0 ఇనుప బ్లాకుల్లో రెండు తరాలున్నాయి. ఎల్‌క్యూ4, ఎల్‌క్యూ9 పాత తరం, సాల్వేజ్ యార్డుల్లో చవక. నీ బండికి వాటితో తలనొప్పి: క్రాంకు సెన్సార్ చక్రానికి 24 పళ్లు, నీ కంప్యూటరు 58 పళ్లు అడుగుతుంది. క్రాంకు ఎలాగూ కొత్తది కొంటావు, 58 పళ్లది అడుగు. అంతటితో అయిపోదు. పాత తరంలో కామ్ సెన్సార్ (వాల్వులు తెరిచే ఇరుసును చూసేది) వెనక ఉంటుంది, నాక్ సెన్సార్లు లోయలో (రెండు సిలిండర్ వరసల మధ్య), అంటే సరిగ్గా బ్లోయర్ కింద ఉంటాయి. ఒక సెన్సార్ పోతే బ్లోయర్ మొత్తం విప్పాలి. కొత్త తరం ఎల్‌వై6 లేదా ఎల్96 తీసుకో. నాక్ సెన్సార్లు పక్కన, చక్రం 58 పళ్లు. నీ ఎల్ఎస్3 హెడ్లకు కావలసిన కనీస బోరు 4.000 అంగుళాలు కాబట్టి అవే హెడ్లు దీనికి సరిపోతాయి. దానికన్నా చిన్న 5.3 ఇనుప బ్లాకు చవగ్గా దొరుకుతుందని తెచ్చుకుంటే ఈ హెడ్ల వాల్వులు బోరు అంచుకు తగులుతాయి.

పాత బ్లాకు కొనేటప్పుడు మెయిన్ క్యాపులు (క్రాంకును పట్టే మూతలు) ఆ బ్లాకువేనా అని చూడు. వేరే బ్లాకు క్యాపులు వేసి అమ్మితే లైన్ కలవదు. తరువాత షాపులో పని ఈ వరసలో జరగాలి. వేడి ట్యాంకులో కడగడం, మాగ్నాఫ్లక్స్‌తో (అయస్కాంత పరీక్షతో) పగుళ్లు చూడడం, ఆ తరువాత అల్ట్రాసానిక్‌తో ప్రతి బోరు గోడ మందం కొలవడం. పోత పోసేటప్పుడు లోపలి అచ్చు ఒక పక్కకు జరిగితే ఒక గోడ మందం, ఎదుటిది పల్చన. పిస్టన్ తోసే థ్రస్ట్ వైపు, బోరు కొట్టాక కూడా 200 థౌ కంటే తగ్గకూడదు. తగ్గితే ఆ బ్లాకును వదిలెయ్, బేరానికి ఆశపడకు. ఈ కొలతల కాగితం అడిగి తీసుకుని మీ నాయనకు వాట్సాప్ చేయి, ఆయనకు ఒక్క చూపు చాలు.

మెయిన్‌కు కొత్త స్టడ్లు బిగించాక బేరింగు గూడు ఆకారం కాస్త మారుతుంది, అందుకే బిగించిన తర్వాతే అలైన్ హోనింగ్ (గూళ్లన్నింటినీ ఒకే వరసలో రుద్ది గుండ్రం చేయడం). పిస్టన్లు చేతికి వచ్చి, ఒక్కోదాన్ని కొలిచేదాకా బోరు చివరి కొలతకు పోనివ్వకు. చివరి హోనింగ్‌కు టార్క్ ప్లేటు తప్పదు: హెడ్డు బిగించినప్పుడు బోరు ఎలా వంకరపోతుందో, అలా వంకర తెప్పించి గుండ్రం చేయడం దాని పని. నువ్వు వాడబోయే గ్యాస్కెట్, స్టడ్లు ఇచ్చి వాటితోనే ప్లేటు బిగించమను. డెక్ (హెడ్డు కూర్చునే తలం) నునుపు ఎంఎల్ఎస్ (పలు ఉక్కు పొరల) గ్యాస్కెట్‌కు 50 ఆర్ఏ (గరుకుదనం కొలత) లోపు ఉండాలి. రింగు గ్యాపు బూస్టు ఇంజన్‌కు బోరు కొలతను 0.006తో గుణించుకో, 4.030కి 24 థౌ వస్తుంది. పిస్టన్ కంపెనీ కాగితంలో వేరే అంకె ఉంటే ఆ కాగితమే ప్రమాణం. కంప్రెషన్ 9 నుంచి 9.5 మధ్య ఉంచు.

ఒక చిన్న నిర్లక్ష్యానికి మంచి బ్లాకులు పగిలిపోతాయి. ఈ బ్లాకుల్లో హెడ్ బోల్టు రంధ్రాలకు అడుగు మూసి ఉంటుంది. కడిగిన నీళ్లో, కూలెంటో, ఆయిలో అడుగున నిలిచిపోయి ఉన్నప్పుడు బోల్టు బిగిస్తే, ద్రవం నలగదు కాబట్టి ఆ ఒత్తిడి పోతను చీలుస్తుంది. పైకి ఏమీ కనబడదు, టార్క్ రెంచ్ కూడా సరైన అంకె దగ్గరే క్లిక్ మంటుంది. ఇంజన్ వేడెక్కాక ఆయిల్‌లో నీళ్లు కలిసి, ఆయిల్ పాల రంగుకు తిరిగినప్పుడు తెలుస్తుంది. ప్రతి రంధ్రంలో ట్యాప్ దింపి మరలు శుభ్రం చేసి, గాలి కొట్టి, సన్న పుల్లకు బట్ట చుట్టి అడుగు దాకా దింపి చూడు. బట్ట పొడిగా వచ్చేదాకా అదే పని.

క్రాంకు ముందు పుల్లీకి కంపెనీ కీ పెట్టలేదు, బిగుతు మీదే ఆగుతుంది. బ్లోయర్ బెల్టు లాగితే పుల్లీ జారి క్రాంకు ముక్కును తినేస్తుంది. ఇంజన్ విప్పినప్పుడే పిన్ను వేయించుకో. 1,000 దాటాలంటే సిలిండరుకు ఆరు బోల్టులు పట్టే షెవర్లే ఎల్ఎస్ఎక్స్ లాంటి రేసింగు బ్లాకు కావాలి. ఆ బోల్టులు వాడుకునే హెడ్లు కూడా విడిగా కొనాలి.

కాగితాల సంగతి. 2025 జనవరి 1 నుంచి టెక్సాస్‌లో సొంత బండ్లకు సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు, కానీ డాలస్ కౌంటీలో ఎమిషన్ టెస్టు ఉంది. నీ బండి టెస్టు వర్తించే వయసులోనే ఉంది. ట్యూనర్ మానిటర్లను (పొగ పరికరాల మీద కంప్యూటరు చేసే తనిఖీలను) ఆపేస్తే ఫెయిల్ అవుతుంది. క్యాటలిటిక్ కన్వర్టర్ తీయించకు, అది ఫెడరల్ చట్టానికి విరుద్ధం. ఉద్యోగం కాలిఫోర్నియాకు మారే అవకాశం ఉంటే ఆ రాష్ట్రం ఇచ్చే ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ (అనుమతి) నంబరు ఉన్న సూపర్‌చార్జర్ కిట్ మాత్రమే కొను, ఇనుప ట్రక్కు బ్లాకు ఆలోచన ఇప్పుడే మానుకో. అక్కడ ట్రక్కు ఇంజన్‌ను కారులోకి మార్చడానికి స్మాగ్ (పొగ) నిబంధనలు ఒప్పుకోవు. బీమా కంపెనీకి మార్పులు చెప్పి అంగీకార విలువ (బండి విలువను ముందే ఒప్పుకునే) పాలసీ తీసుకో. నీది హెచ్1బీ అయితే పని బాగా నేర్చుకున్నావని వారాంతాల్లో స్నేహితుల బండ్లు కట్టి డబ్బు తీసుకోవద్దు. వీసా ఇచ్చిన కంపెనీకి తప్ప వేరే పనికి అనుమతి లేదు.

ఇంటికి తెచ్చుకునే మాటకొస్తే, ఎడమ స్టీరింగ్ పాత కారును దిగుమతి చేసుకోనివ్వరు. ఇంజన్ ఒక్కటే తెచ్చి అక్కడి బండిలో వేయాలన్నా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డం: కంపెనీ నమోదు చేసిన వివరాలకు భిన్నంగా మార్చకూడదు, ఇంజన్ మార్పుకు ఆర్టీఓ అనుమతి కావాలి. 800 హార్స్‌పవర్‌కు అది రాదు. ఇండియాకు బయల్దేరే ముందు బిల్లులు, కొలతల కాగితాలు, డైనో షీటు (పవర్ కొలిచిన కాగితం) అన్నీ ఒకచోట పెట్టి ఇక్కడే అమ్ముకో. కాగితాలున్న ఇంజన్‌కే ఇక్కడ ధర పలుకుతుంది.