సోనార్‌కి ఏఆర్ గ్లాసెస్ కలిపితే చేప ఉన్నచోటే కనిపిస్తుందా?

కనిపించదు. సోనార్ అంటే నీళ్లలోకి శబ్దం పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనితో చేపల్ని, అడుగుని తెర మీద చూపించే పరికరం. ఏఆర్ గ్లాసెస్ అంటే ఎదురుగా కనిపించేదాని మీదే బొమ్మని చూపించే కళ్లద్దాలు. ఇప్పుడు దొరికే ఎక్స్‌రియల్, రోకిడ్ లాంటి గ్లాసెస్‌ని ఫోన్‌కి తగిలిస్తే, ఆ ఫోన్ తెరనే మీ కళ్ల ముందు గాల్లో పెద్దగా చూపిస్తాయి, అంతే. చేపని దాని చోటులోనే గీయాలంటే సోనార్ ఎటు చూస్తోందో, మీ తల ఎటు తిరిగి ఉందో రెండూ కలిపి లెక్క వేయాలి. పైగా కిందికి చూసే మామూలు సోనార్‌కి చేప కుడివైపు ఉందో ఎడమవైపు ఉందో కూడా తెలియదు, దానికి తెలిసేది లోతే. బీమ్, అంటే సోనార్ శబ్దం కిందికి విచ్చుకునే కోణం, 16 డిగ్రీలైతే 10 మీటర్ల లోతులో అది చూసే వలయం వెడల్పు దాదాపు 2.8 మీటర్లు, 47 డిగ్రీలైతే 8.7 మీటర్లు. ఆ వలయంలో చేప ఎక్కడైనా ఉండొచ్చు.

మరి నేనెందుకు వాడుతున్నానంటే, ఎండ వల్ల. మిట్టమధ్యాహ్నం ఫోన్ తెరకి చెయ్యి అడ్డం పెట్టుకుని మెడ వంచి చూసే బాధ తప్పింది, రెండు చేతులూ గాలం మీదే ఉంటాయి. కదలికని అప్పటికప్పుడు వీడియోలా చూపించే లైవ్ సోనార్ అయితే ఇంకా మజా. ఎర చిన్న చుక్కలా దిగుతుంటుంది, అడుగున కదలకుండా ఉన్న మచ్చ ఒకటి, అదే చేప, మెల్లగా పైకి లేచి ఎరకి కాస్త కింద ఆగుతుంది, చెయ్యి ఆపేస్తే ఆసక్తి పోయి దిగిపోతుంది, గాలం కొసని కొంచెం ఆడిస్తే మళ్లీ వస్తుంది. ఇదంతా తల దించకుండా చూడటం అలవాటైతే వదలబుద్ధి కాదు.

ఎవరూ చెప్పని సెట్టింగ్ ఒకటుంది. ఈ గ్లాసెస్‌లో నలుపు అంటే వెలుతురు లేకపోవడం, అంటే అక్కడ అద్దంలోంచి బయటిది కనిపిస్తుంది. అందుకే సోనార్ యాప్‌లో రంగుల సెట్టింగ్‌ని నల్లటి బ్యాక్‌గ్రౌండ్‌కి మార్చండి, చేపలు, అడుగు మాత్రమే వెలుగుతూ వాటి వెనక నీళ్లు, బెండు కనిపిస్తాయి. తెల్ల బ్యాక్‌గ్రౌండ్ పెడితే ముందు గోడ కట్టినట్టే. ఎండ మరీ ఎక్కువైతే అద్దాల ముందు నల్ల కవర్ తగిలించాలి, కానీ అప్పుడు బయటిది కనిపించదు కాబట్టి పడవ నడుపుతూ అస్సలు వద్దు.

తెరని ఒకచోట నిలిపి ఉంచే మోడ్ ఉంటుంది, పడవలో దాని జోలికి పోకండి. తల తిరిగిందా పడవ తిరిగిందా అన్న తేడా సెన్సర్‌కి తెలియదు, కాబట్టి గాలికి పడవ పక్కకి తిరిగితే తెర పాత దిక్కులోనే ఉండిపోతుంది, మీరు దాన్ని వెతుక్కోవాలి. తలతోపాటే కదిలే మోడ్ పెట్టుకోండి, అలలు ఎక్కువగా ఉన్నరోజు మాత్రం కళ్లు తిరుగుతాయి, అప్పుడు తీసేయడమే.

ఆలస్యం సంగతి. నీటిలో శబ్దం సెకనుకి దాదాపు 1500 మీటర్లు పోతుంది, 10 మీటర్ల అడుగుని తాకి తిరిగి రావడానికి 13 మిల్లీసెకన్లే పడుతుంది. ఆలస్యమంతా వైఫైలో, యాప్‌లో వస్తుంది. డీపర్ లాంటి నీళ్లలోకి విసిరే సోనార్ ఫోన్‌తో వైఫైలోనే మాట్లాడుతుంది, లోతు, అడుగు చూసుకోవడానికి అది చాలు. ఎరని ఆడిస్తూ చేప కదలిక చూడాలంటే మాత్రం హెచ్‌డీఎంఐ అవుట్ (వీడియో బయటికిచ్చే పోర్ట్) ఉన్న పెద్ద సోనార్ యూనిట్ నుంచి నేరుగా వైరు తెచ్చుకోండి. మధ్యలో హెచ్‌డీఎంఐ నుంచి యూఎస్‌బీ-సీకి మార్చే అడాప్టర్, దానికి కరెంటు ఇవ్వడానికి పవర్ బ్యాంక్ కావాలి. ఆ వైరుని చొక్కా లోపల నుంచి వెనక్కి తీసుకెళ్లండి, లేకపోతే చేప పడ్డ టెన్షన్‌లో రీల్ హ్యాండిల్‌కి చుట్టుకుంటుంది.

ఫోన్‌తోనే వాడాలనుకుంటే, కొనే ముందు మీ ఫోన్ యూఎస్‌బీ-సీ నుంచి వీడియో బయటికి ఇస్తుందో లేదో చూసుకోండి. ఐఫోన్ 15 నుంచి ఇస్తుంది, తక్కువ ధర ఆండ్రాయిడ్ ఫోన్లు చాలావాటికి ఆ సౌకర్యం ఉండదు, పోర్ట్ చూడటానికి ఒకేలా ఉన్నా సరే. గ్లాసెస్‌కి కరెంటు కూడా ఫోనే ఇస్తుంది కాబట్టి ఎండలో బాగా వేడెక్కుతుంది, నీడలో పెట్టుకోండి. నీళ్లు పడితే తట్టుకునే రకం గ్లాసెస్ కావివి, మెడకి తాడు కట్టుకోవడం మర్చిపోవద్దు.

గట్టు మీద కూర్చుని సాయంత్రాలే గాలం వేసేవాళ్లయితే ఈ ఖర్చు దండగ, ఫోన్ తెర హాయిగా కనిపిస్తుంది.