క్లోమగ్రంథిలో అడినోస్క్వామస్ కార్సినోమా అని రిపోర్టు వస్తే చికిత్స మారుతుందా?

మీ నాన్నగారి బయాప్సీలో అడినోస్క్వామస్ కార్సినోమా అని వచ్చిందని, మామూలు పాంక్రియాస్ (క్లోమగ్రంథి) క్యాన్సర్‌కూ దీనికీ తేడా ఏమిటని, చికిత్స మారుతుందా అని అడిగారు. మా మామగారికి ఇదే రకం వచ్చినప్పుడు ఆస్పత్రి పనులన్నీ చూసుకున్నది నేనే. డాక్టరును కాను గనుక ఆ అనుభవం మేరకే రాస్తున్నాను.

క్లోమగ్రంథి క్యాన్సర్లలో ఇది 1 నుంచి 4 శాతం లోపే ఉంటుంది. మామూలు రకంలో కనిపించే గ్రంథి కణాలతో పాటు, చర్మపు పైపొర కణాలను పోలిన పొలుసు కణాలు కణితిలో కనీసం 30 శాతం ఉంటేనే పాథాలజిస్టులు ఈ పేరు పెడతారు. వేగంగా పెరిగే స్వభావం దీనిది. అయితే సూదితో తీసిన చిన్న ముక్కలో రెండు రకాల కణాలూ సరైన పాళ్లలో దొరుకుతాయన్న నమ్మకం లేదు; పొలుసు కణాలే ఎక్కువగా దొరికితే, ఊపిరితిత్తుల వంటి మరో చోటి క్యాన్సర్ ఇక్కడికి పాకిందేమోనన్న అనుమానం కూడా వస్తుంది. అందువల్ల బయాప్సీ స్లైడ్లతో పాటు, ఆ ముక్కను భద్రపరిచిన మైనపు బ్లాకులను కూడా ఆస్పత్రి నుంచి అడిగి తీసుకుని, పెద్ద క్యాన్సర్ కేంద్రంలో మరొకసారి చూపించండి. ఈలోగా చికిత్స ఏర్పాట్లు మాత్రం ఆపవద్దు.

మందుల విషయానికి వస్తే, ఇంత అరుదైన రకం మీద పెద్ద పరిశోధనలు జరగలేదు కాబట్టి, మామూలు రకానికి వాడే ఫోల్ఫిరినాక్స్ (కొన్ని మందులు కలిపి ఇచ్చే కీమో) గానీ, జెమ్‌సైటబిన్‌తో కూడిన కీమో గానీ ఇస్తారు. కణితి తీయదగిన స్థితిలో ఉంటే ఆపరేషన్ కూడా ఉంటుంది. వంశపారంపర్యంగా వచ్చే బీఆర్‌సీఏ జన్యు మార్పుల పరీక్ష గురించి మీరే అడగండి, ఎందుకంటే దాని ఫలితాన్ని బట్టి మందుల ఎంపిక మారవచ్చు.

మా మామగారిని ఎక్కువగా కుంగదీసింది కీమో కాదు, తిన్నది ఒంటబట్టకపోవడం. మలం జిడ్డుగా నీటిపై తేలుతుంటే, బంధువులు (వారికి తెలియని వైద్యం ఉండదు కదా!) నెయ్యి మానిపించమనేవారు. క్లోమగ్రంథి ఇవ్వలేని జీర్ణరసాలకు బదులుగా ఇచ్చే ఎంజైమ్ క్యాప్సూల్స్ వాడడం మొదలుపెట్టి, వాటిని పరగడుపున కాక తొలి ముద్దతోనూ భోజనం మధ్యలోనూ వేసిన తర్వాతే ఆయన బరువు తగ్గడం నెమ్మదించింది. నడుములోకి పొడుచుకొచ్చే నొప్పికి మార్ఫిన్‌తో పాటు, కడుపు వెనుక నరాలకు ఇచ్చే సీలియాక్ ప్లెక్సస్ బ్లాక్ అనే ఇంజెక్షన్ కూడా ఉంది. హైదరాబాదు ఎంఎన్‌జే ఆస్పత్రిలో ఉన్నటువంటి పాలియేటివ్ (నొప్పి, బాధల ఉపశమన) విభాగాన్ని కీమోతో పాటే సంప్రదించవచ్చు, చివరి దశ దాకా ఆగనవసరం లేదు.

కామెర్లు ఉండగా చేయించిన సీఏ 19-9 (ఈ క్యాన్సర్‌కు చేసే రక్తపరీక్ష) అంకె ఆ కామెర్ల వల్ల కూడా పెరుగుతుంది కాబట్టి, దాన్ని బట్టి జబ్బు తీవ్రతను లెక్కగట్టకండి. పిత్తనాళంలో స్టెంట్ (పైత్యరసం పారేందుకు పెట్టే సన్నని గొట్టం) వేసి ఉంటే, చలితో జ్వరం వచ్చిన రాత్రే ఆస్పత్రికి తీసుకెళ్లండి. స్టెంట్ మూసుకుపోతే ఇన్ఫెక్షన్ కొద్ది గంటల్లోనే రక్తంలోకి చేరగలదు.