పెద్దల ముందు రాసిన కాగితం కోర్టును కట్టేస్తుందా?

ప్రశ్న: మాది గాజువాక. భర్తతో విడిగా ఉంటున్నాను. నాలుగేళ్ల బాబును తండ్రికే వదిలేస్తున్నానని, ఇకపై అడగనని పెద్దల సమక్షంలో స్టాంపు కాగితంపై నా చేత సంతకం చేయించారు. గత నెల ఆయన బాబును శ్రీకాకుళం తీసుకెళ్లారు. నేను కేసు వేయవచ్చా? ఎక్కడ?
– ఒక సోదరి, విశాఖపట్నం

జవాబు: వేయవచ్చమ్మా. బిడ్డ సంరక్షణ తల్లిదండ్రులు బేరమాడి తేల్చుకునే ఆస్తి కాదు కనుక, ఆ కాగితాన్ని కోర్టు ఒక పరిస్థితిగా పరిశీలిస్తుందే తప్ప దానికి కట్టుబడదు. (స్టాంపు ఉంటే చాలు, ఏది రాసినా చెల్లుతుందన్న నమ్మకం మన ఊళ్లలో ఇంకా బలంగానే ఉంది.) మీరు హిందువులైతే, 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 6వ సెక్షన్ ప్రకారం అయిదేళ్లు నిండని బిడ్డ సాధారణంగా తల్లి వద్దే ఉండాలి, అయితే 13వ సెక్షన్ బిడ్డ సంక్షేమానికే అగ్రస్థానం ఇస్తుంది కాబట్టి ఇది తిరుగులేని హక్కేమీ కాదు.

ఇక ఎక్కడ వేయాలంటే, 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ (సంరక్షకులు, మైనర్ల) చట్టం 9వ సెక్షన్ బిడ్డ సాధారణ నివాసం ఏ కోర్టు పరిధిలో ఉందో చూస్తుంది. నెల క్రితం తరలించినంత మాత్రాన అది మారిపోయిందనలేం; గాజువాకలో బాబు పెరిగాడని చూపే టీకా కార్డు, అంగన్‌వాడీ నమోదు, రేషన్ కార్డు జతచేసి విశాఖపట్నం ఫ్యామిలీ కోర్టులో పిటిషన్ వేయండి. తుది తీర్పు ఆలస్యమవుతుంది కనుక ఇదే చట్టం 12వ సెక్షన్ కింద మధ్యంతర సంరక్షణను, కనీసం బాబును చూసే అవకాశాన్ని వెంటనే కోరండి. బాబును బలవంతంగా తెచ్చుకునే ప్రయత్నం మాత్రం చేయకండి. ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకు ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వండి.