మోటార్‌హోమ్‌కు పైకప్పు ఏసీ: చాందా ఎండల్లో బిగించుకున్న అనుభవంతో

పాత మినీ బస్సును మోటార్‌హోమ్‌గా మార్పిస్తున్నామని, ఎండాకాలంలో ఆలపల్లి, సిరోంచ వైపు తిరగాలని ఉందని, దానికి పైకప్పు ఏసీ పెట్టించాలా లేక ఇంట్లో వాడే స్ప్లిట్ ఏసీ సరిపోతుందా అని మీరు అడిగారు. మేము ఉండేది మహారాష్ట్రలోని చాందా (చంద్రాపూర్) దగ్గరి బల్లార్షాలో. అమ్మానాన్నలను వెంటబెట్టుకుని తిరగడానికి వీలుగా ఇలాంటి బండినే కట్టించుకుని, చాందాలోని ఒక షెడ్డులో దానికి పైకప్పు ఏసీ పెట్టించుకున్నాం. అది ఇప్పటికీ చక్కగా పనిచేస్తోంది. మీరు కూడా పైకప్పు ఏసీయే పెట్టించుకోండి, కానీ కప్పుకు రంధ్రం కోయడాన్ని అన్నిటికన్నా చివరి పనిగా ఉంచండి. అంతకుముందు తేల్చుకోవలసినవి చాలా ఉన్నాయి, అవి తేలకుండా రేకు మీద గ్రైండర్ పెడితే మళ్ళీ వెనక్కి వెళ్ళే దారి ఉండదు.

మొదట కాగితాల సంగతి. మోటార్ వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన రూపానికి భిన్నంగా బండిని మార్చడానికి వీలులేదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటనే గట్టిగా చెప్పింది. మన దేశంలో మోటార్ కారవాన్‌లకు, అంటే మోటార్‌హోమ్‌లకు, ఏఐఎస్-124 అనే ప్రమాణం విడిగా ఉంది కాబట్టి, బండి కట్టే షెడ్డువారికి ఆ ఆమోదం ఉందో లేదో ముందే అడగండి. ఏసీ బిగిస్తే బండి ఎత్తు సుమారు ఒక అడుగు పెరుగుతుంది, బరువూ పెరుగుతుంది. ఈ రెండూ డ్రాయింగులో కనిపించి, ఆర్టీఓ కార్యాలయంలోనూ బీమా కాగితంలోనూ నమోదు కావాలి.

ఇక ఎండ విషయం. మే నెల రెండో సగంలో చాందాలో 46, 47 డిగ్రీలు పడటం మనకు కొత్త కాదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. ఏసీ కొనేటప్పుడు చాలామంది పట్టించుకోని విషయం ఒకటి ఇక్కడే ఉంది. పెట్టె మీద రాసిన చల్లదనం లెక్క సాధారణంగా బయటి ఉష్ణోగ్రత 35 డిగ్రీలు ఉన్నప్పుడు కొలిచినది, దాన్ని టీ1 షరతు అంటారు. వేడి దేశాల కోసం 46 డిగ్రీల దగ్గర కొలిచేదాన్ని టీ3 అంటారు. టీ1 లెక్కతో తయారైన యంత్రాన్ని మన ఎండలో నడిపితే అది ఇచ్చే చల్లదనం తగ్గుతుంది, లాగే కరెంటు పెరుగుతుంది, ఒక్కోసారి మిట్టమధ్యాహ్నం కంప్రెసర్ వేడెక్కి తనంతట తానే ఆగిపోతుంది. అందుకని కంప్రెసర్ మీద టీ3 అని రాసి ఉందో లేదో చూసి కొనండి. అమెరికా నుంచి వచ్చే కొన్ని రకాలు 115 వోల్టులు, 60 హెర్ట్జ్ మీద నడిచేవి, ఎంత చవకగా వచ్చినా వాటి జోలికి పోకండి. మనకు కావలసినది 230 వోల్టులు, 50 హెర్ట్జ్ మీద నడిచేది.

మినీ బస్సుకు సాధారణంగా 13,500 బీటీయూ యంత్రం, అంటే టన్ను కన్నా కొంచెం ఎక్కువ, సరిపోతుంది. అయితే సరిపోవడం యంత్రం చేతిలో కన్నా బండి గోడల చేతిలోనే ఎక్కువగా ఉంది. ఎండలో నిలబెట్టిన ఇనుప కప్పును మధ్యాహ్నం చేత్తో తాకలేం, ఆ వేడి అంతా నేరుగా లోపలికే దిగుతుంది. కప్పుకూ లోపలి సీలింగుకూ మధ్య కనీసం 25 మిల్లీమీటర్ల ఫోమ్ షీటు ఖాళీలు లేకుండా అతికించి, బయట తెల్ల రంగు వేయించి, ముందు అద్దానికి లోపలివైపు మందపాటి తెర కట్టిన తరువాతే ఏసీ సైజు గురించి ఆలోచించండి. అద్దాలను అలాగే వదిలేసి పెద్ద ఏసీ పెట్టినవాళ్ళు మధ్యాహ్నమంతా దాన్ని నడుపుతూ చెమటలు తుడుచుకోవడం చూశాను.

కరెంటు లెక్క మీరు స్వయంగా వేసుకోవాలి, ఎందుకంటే ఇక్కడ అమ్మేవాళ్ళు చెప్పే మాటలకూ రోడ్డు మీద జరిగేదానికీ పొంతన ఉండదు. ఈ సైజు ఏసీ నడిచేటప్పుడు దాదాపు 1,300 నుంచి 1,500 వాట్లు లాగుతుంది, మొదలయ్యే క్షణంలో దానికి కొన్ని రెట్లు అడుగుతుంది. 24 వోల్టుల, 200 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీలో నిండా ఉండేది సుమారు 5 యూనిట్లు. పూర్తిగా ఖాళీ చేయకుండా కొంత మిగిల్చి, ఇన్వర్టర్‌లో పోయేదీ తీసేస్తే చేతికి వచ్చేది 4 యూనిట్లు. మే నెల మధ్యాహ్నం కంప్రెసర్ ఆగకుండా నడుస్తుంది కాబట్టి అది మూడు గంటలలోపే అయిపోతుంది. రాత్రి వేడి తగ్గాక కంప్రెసర్ ఆగుతూ నడుస్తూ ఉంటుంది కనుక అదే బ్యాటరీ మరికొంతసేపు నిలుస్తుంది. కప్పు మీద 400 వాట్ల సోలార్ పలకలు పెట్టినా, మంచి ఎండ ఉన్న రోజంతా కలిపి వచ్చేది సుమారు రెండు యూనిట్లే, అంటే గంటకు కొంచెం పైన ఏసీ నడవడానికి సరిపడేంత. అందుచేత పగలు బండి ఆపి ఏసీ వాడాలంటే జనరేటరో, బయటి ప్లగ్గో తప్పదు. సాఫ్ట్ స్టార్టర్ అనే చిన్న పరికరాన్ని ఏసీలో పెట్టిస్తే మొదటి క్షణపు లాగుడు బాగా తగ్గి, 2.5 కేవీఏ జనరేటర్‌తో కూడా ఇబ్బంది లేకుండా మొదలవుతుంది. ఆ ఖర్చు దండగ కాదు.

జనరేటర్ గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి రంగూ వాసనా ఉండవు, కిటికీలు మూసి ఏసీ వేసుకుని పడుకున్నవాళ్ళకు అది తెలిసేలోపే స్పృహ తప్పుతుంది. పొగగొట్టం తలుపుకూ కిటికీలకూ దూరంగా ఉండాలి, పడకల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి. మా బండిలో ఇంట్లో పెద్దవాళ్ళు నిద్రపోతుండగా జనరేటర్ నడపము. ఇది మేము పెట్టుకున్న నియమం, మీరూ పెట్టుకోండి. బయటి ప్లగ్గు వాడేటప్పుడు కూడా జాగ్రత్త కావాలి. బండి అంతా ఇనుమే కాబట్టి కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, లోడు మితిమీరితే ఆపేసే 16 ఆంపియర్ల ఎంసీబీ ఏసీకి విడిగా, బాడీకి సరైన ఎర్త్ ఉండాలి. ప్లగ్గు నుంచి బండికి లాగే వైరును చుట్టలోంచి పూర్తిగా విప్పి పరచాలి, చుట్టగా ఉన్న వైరు లోపల వేడెక్కి కరుగుతుంది. గడ్చిరోలి వైపు పల్లెల్లో వోల్టేజీ పడిపోతుంటుంది కనుక, తక్కువ వోల్టేజీలో ఏసీని ఆపేసే పరికరం లేకపోతే కంప్రెసర్ నిలవదు.

ఇప్పుడు కోత. ఈ రకం ఏసీలకు ఎక్కువగా 14 అంగుళాల చదరపు రంధ్రం కావాలి, మీరు కొన్నదాని కొలత దాని పుస్తకంలో చూసుకోండి. మినీ బస్సు కప్పు కింద అడ్డపట్టీలు ఉంటాయి, రేకును నిలబెట్టేవి అవే. మేము మొదట మాట్లాడిన ఒక షెడ్డువారు, బండికి సరిగ్గా నడుమ పెడితే అందంగా ఉంటుందని, ఒక పట్టీని కోసేస్తే చాలని అన్నారు. మేము ఒప్పుకోలేదు. తరువాత పని చేసిన వెల్డర్ బల్లార్షా తెలుగువాడే. అతను లోపలి సీలింగు విప్పించి, పట్టీల మీద చాక్‌పీసుతో గీతలు గీసి, "అన్నా, ఏసీని ఒక జానెడు వెనక్కి జరుపుదాం గానీ పట్టీ మీద చెయ్యి పెట్టొద్దు, గుంతల్లో నలభై కిలోలు ఎగిరెగిరి పడితే రేకు ఆగదు" అన్నాడు. రెండు పట్టీల మధ్య స్క్వేర్ పైపుతో చట్రం కట్టి, దాన్ని రెండు పట్టీలకూ కలిపి వెల్డింగ్ చేసి, కప్పు వంపు వల్ల వచ్చిన ఎత్తుపల్లాలను ఆ చట్రంతోనే సమం చేసి, ఆ తరువాతే రేకు కోశాడు. కోసిన అంచుకు ఆకురాయి పట్టి, తుప్పు పట్టకుండా వెంటనే జింక్ ప్రైమర్ పూశాడు. గ్రైండర్ నుంచి రాలిన సన్నని ఇనుప పొడిని సాయంత్రం లోపే కప్పంతా తుడిపించాడు, ఎందుకంటే అది ఒక్క రాత్రి మంచు తగిలినా తెల్ల రంగు మీద గోధుమ చుక్కలుగా తుప్పు పడుతుంది. ఇలాంటి పనివాడు దొరికితే కూలి దగ్గర బేరం ఆడకండి.

ఏసీ అడుగున నీళ్ళు దిగకుండా ఆపే, దాదాపు అంగుళం మందం ఉన్న గాస్కెట్ అనే మెత్తని పట్టీ ఉంటుంది. లోపలి నుంచి నాలుగు పొడవాటి బోల్టులతో ఏసీని కిందికి లాగుతూ, ఆ గాస్కెట్ సుమారు అర అంగుళానికి నొక్కుకునేదాకా ఒక మూలకు ఎదురు మూల చొప్పున కొద్దికొద్దిగా బిగించాలి. ఒక పక్కనే బిగిస్తే ఇంకో పక్కన నీళ్ళు దిగుతాయి. గాస్కెట్‌కు సీలెంట్ పూయకూడదు, అది దాని కింద చట్రం, రేకు కలిసే అతుకులకు మాత్రమే. సీలింగు మూయకముందే కప్పు మీద పైపుతో బాగా నీళ్ళు కొట్టించి, లోపల పొడి గుడ్డతో తడిమి చూడండి. మన జూలై వానలు వచ్చాక తెలుసుకుంటే ఫోమ్ అంతా నాని ఉంటుంది.

బాగా బిగించినా సరిగ్గా చల్లబడడం లేదని చెప్పే బండ్లలో చాలావాటికి అసలు కారణం లోపలి పెట్టెలో ఉంటుంది. చల్లగాలి దిగే దారికీ, గదిలోని గాలి పైకి పోయే దారికీ మధ్య ఒక అడ్డు పలక ఉంటుంది. దాని అంచుల్లో వేలు పట్టేంత సందు ఉన్నా చల్లగాలి గదిలోకి రాకుండా అక్కడే తిరిగి పైకి పోతుంది, లోపలి కాయిల్ మీద మంచు కడుతుంది, గది మాత్రం వేడిగానే ఉంటుంది. ఆ అంచులన్నిటికీ అల్యూమినియం ఫాయిల్ టేపు వేయించండి. అరగంట పని, దాని ఫలితం మాత్రం చాలా పెద్దది.

స్ప్లిట్ ఏసీ గురించి కూడా న్యాయంగా చెప్పాలి. ఇన్వర్టర్ స్ప్లిట్ తక్కువ కరెంటుతో నెమ్మదిగా మొదలవుతుంది, ధర తక్కువ, రాజురాలోనైనా అహేరిలోనైనా బాగుచేసేవాళ్ళు దొరుకుతారు. బండి ఒకేచోట నెలల తరబడి నిలిచి ఉండేదైతే నేను దాన్నే పెట్టించుకోమంటాను. కానీ దాని రాగి గొట్టాలకు బిగించే కీళ్ళు ఆలపల్లి–సిరోంచ రోడ్డు కుదుపులకు వదులై గ్యాస్ పోతుంది. పైకప్పు ఏసీలో గ్యాస్ గొట్టాలు కర్మాగారంలోనే అతికించి మూసి ఉంటాయి కనుక ఆ బాధ లేదు.

బిగించిన మొదటి నెల తిరిగాక నాలుగు బోల్టులనూ మళ్ళీ చూడండి, గాస్కెట్ కొంత సర్దుకుని ఉంటుంది. మా వైపు బొగ్గు ధూళి ఎక్కువ కాబట్టి కండెన్సర్ (వేడిని బయటికి వదిలే కాయిల్) రేకుల సందులు త్వరగా పూడుకుపోతాయి. మెత్తని బ్రష్‌తో, తక్కువ ఒత్తిడి నీళ్ళతో ఎండాకాలం మొదట్లోనూ నడుమా కడిగించండి. ఆలపల్లి అడవి దారిలో టేకు కొమ్మలు రోడ్డు మీదికి వంగి ఉంటాయి. ఏసీతో కలిపి బండి ఎత్తు ఎంతో కొలిచి, డ్రైవర్‌కు ఎదురుగా పెద్ద అంకెలతో రాయించి పెట్టండి.